మోకాలి చుట్టూ బీడీ దారం

కిందటి వారం కొమురవ్వను మనం మంచంలో కళ్ళు తెరిచి పడుకున్నదాన్ని అట్లాగే వదిలేసి వచ్చాం. పాపం, ఆమెకు ఆ రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎట్లా పడుతుంది? అన్న హనుమండ్లు దుబాయి నుంచి దిగాడు. ఊరికే దిగాడా, జీపు కిరాయికి తీసుకుని, తనే నడుపుకుంటూ, హారన్ కొట్టుకుంటూ దిగాడు. చెల్లెలికి పూల చీర, చెల్లెలి అత్త పోశవ్వకు మెత్తటి కంబళి, వాడకట్టంతా వినపడేంత పెద్ద టేప్ రికార్డరు తెచ్చాడు. అన్నీ పంచిపెట్టాక అసలు కానుక బయటపెట్టాడు. బావకు, అంటే కొమురవ్వ మొగుడు అంతయ్యకు, వీసా! ఇంటిల్లిపాదీ సంబరపడింది. నవ్వకపోతే బాగుండదని కొమురవ్వ కూడా నవ్వింది.

ఈ వారమే కథలో అడుగుపెట్టినవాళ్ళకు అంతయ్య సంగతి ఒకటి చెప్పాలి. చూడటానికి నిక్షేపంలాంటి మనిషి. ముప్పై దాటలేదు. కానీ పుట్టుకతోనే అతని నెత్తురుకు గడ్డకట్టే గుణం తక్కువ. పైన ఏ దెబ్బా తగలకపోయినా ఒక్కోసారి మోకాలి కీలు లోపలే నెత్తురు ఊరుతుంది. కీలు ఉబ్బి, మనిషి రోజుల తరబడి మంచం దిగలేడు. చిన్ననాటి నుంచి ఇట్లా అయ్యీ అయ్యీ ఎడమ మోకాలు లోపల అరిగిపోయింది. పూర్తిగా చాపుకోదు, పూర్తిగా ముడుచుకోదు. హీమోఫీలియా అంటారని కరీంనగర్ డాక్టరమ్మ చెప్పింది. పోశవ్వ మాత్రం ఈనాటికీ 'కాలునొప్పి' అనే అంటుంది. అట్లా అనడంలో ఆమె కష్టం ఆమెకుంది. ఆమె తమ్ముడొకడు పన్ను పీకించుకుని, నెత్తురు ఆగక, ఆమె ఒడిలోనే పోయాడు. ఆ జబ్బే కొడుక్కీ ఉందని తెలిస్తే పిల్లనెవరిస్తారని పెళ్ళిలో దాచిపెట్టింది. కొమురవ్వకు పెళ్ళయిన మూడోనెలలో తెలిసింది. కొమురవ్వ పుట్టింటివాళ్ళకు ఇప్పటికీ తెలియదు.

డాక్టరమ్మ పేరు మనోరమ. కసరత్తు చేయించి కీళ్ళు బాగుచేసే డాక్టరు. "తొడకండ బలంగా ఉంటే మోకాలికి అదే ఆసరా. కానీ హద్దు దాటితే కసరత్తే ముంచుతుంది" అని చెప్పి, బావినీళ్ళల్లో కాలు ఎట్లా ఊపాలో, గోడకు ఆనుకుని ఎంతసేపు నిలబడాలో దగ్గరుండి నేర్పింది. కాపలా పని కొమురవ్వకు అప్పగించింది. కొమురవ్వ బీడీలు చుట్టే మనిషని తెలిసి, ఆమె దగ్గరున్న బీడీ దారమే తీయించి, నాలుగు పోగులు పేనించి, వాపు లేని రోజు మోకాలి చుట్టూ వేయించింది. రెండు కొసలూ తాకేచోట ఇటొక ముడి, అటొక ముడి వేయించింది. రోజూ నీళ్ళల్లో దిగకముందు దారం చుట్టి చూడాలి. ముడికి ముడి తాకితే కసరత్తు. తాకకపోయినా, మోకాలు చేతికి వేడిగా తగిలినా ఆ రోజు కసరత్తు బందు. ఇదీ పద్ధతి.

మొన్నటి నుంచి ముడికి ముడి బాగానే తాకుతోంది. కానీ మోకాలు వేడిగా ఉంటోంది. కొమురవ్వ నిద్ర చెడగొట్టింది అదే.

తెల్లవారుజామున ఎప్పుడో కన్ను మూతపడింది. మూతపడీ పడకముందే కల. అంతయ్య సంచి భుజానికేసుకుని బావినీళ్ళ మీద నడిచిపోతున్నాడు. కుంటడం లేదు. బావికి అవతలి గట్టు కనపడటం లేదు. ఆమె చేతిలోంచి బీడీ దారం జారుతూ జారుతూ అతని వెంటే పోతోంది. ఆమె పిలుస్తోంది గానీ గొంతు లేవడం లేదు. కల చెదిరేసరికి అంతయ్య పక్కన కూర్చుని, "లే కొమురీ, బాయికాడికి పోదాం" అంటున్నాడు.

బావికాడికి పోయేసరికి మంచు ఇంకా విడవలేదు. పక్క చేన్లో ఎవరో అప్పుడే పసుపు కొమ్ములు ఉడకబెడుతున్నారు. ఆ వాసన మంచుతో కలిసి నేలను అంటుకుని ఉంది. చలికాలపు బావినీళ్ళ తమాషా తెలిసిందే కదా, పైన పళ్ళు టకటక కొట్టుకుంటుంటే నీళ్ళు గోరువెచ్చగా ఉంటాయి, సన్నగా పొగలొస్తుంటాయి. కొమురవ్వ మెట్టు మీద కూర్చుంది. కల ఇంకా కళ్ళల్లోనే ఉంది. ఎదురుగా ఉన్నది మొగుడో, కలలోని మనిషో ఒక క్షణం తేల్చుకోలేకపోయింది. అంతయ్య పంచె పైకి ఎగగట్టి కాలు ఆమె ఒళ్ళో పెట్టాడు. ఆమె దారం చుట్టింది. ముడికి ముడి తాకింది. తాకి, ఇంకా కొంచెం ఒకదాన్నొకటి దాటింది.

"ఏం చూస్తున్నవే గట్ల?"

"దారం."

"కలిసిందా?"

"కలిసింది. కలిసి మిగిలింది గూడ."

"మంచిదే గదా! వాపు గుంజింది."

ఆమె అరచేతిని తిప్పి మోకాలి మీద ఆనించింది. "మరి గీ వేడేంది?"

"నీ చెయ్యి సల్లగున్నది, నా కాలు నీకు వేడిగొట్టవట్టె. దిగుత, ఆగు."

కొమురవ్వ కాలు వదల్లేదు. దారం విప్పి, మంచులో తడిసిన ఆ ముడిని కళ్ళ దగ్గరగా పెట్టుకుంది.

"గీ ముడి నేనేసింది కాదు."

అంతయ్య నవ్వాడు. "ముడి మీద పేరుంటదా ఏంది?"

"పొద్దుందాక బీడీలకు దారం సుట్టుడే నా బతుకు. నా చేతి ముడి నాకు తెల్వదా? ఇది బీడీ ముడి కాదు. బర్రెను కొయ్యకు కట్టేసే ముడి. మనింట్ల బర్రెను కట్టేసేది ఎవలు?"

అంతయ్య మెల్లగా కాలు తీసుకున్నాడు. రాతిగోడ పట్టుకుని, ఒక్కో మెట్టే దిగి, నీళ్ళల్లోకి జారిపోయాడు. "దిగకు" అని ఆమె అంటూనే ఉంది. మగవాళ్ళకిదొక సులువు. మాటకు చిక్కితే ఎటో ఒకవైపు జారుకుంటారు.

కానీ నీళ్ళల్లో అంతయ్యను చూస్తే ఎవరికైనా కోపం నిలవదు. కొమురవ్వకు అసలే నిలవదు. నేల మీద ఒక్కో అడుగూ లెక్క చూసుకుని వేసే మనిషి, నీళ్ళల్లో పడగానే వేరే మనిషైపోతాడు. ఆ వంకరకాలు వంకరకాలని నీళ్ళకు తెలియదు. అటు ఊపితే అటు, ఇటు ఊపితే ఇటు, అలవోకగా పోతుంది. పెళ్ళయిన కొత్తలో, మోసపోయానని తెలిసి, ఏడ్చి ఏడ్చి, పుట్టింటికి పోదామని మూట కట్టుకున్న రోజున ఆమె అతన్ని ఇదే బావిలో చూసింది. "మా అవ్వ దాచింది. నేను గూడ నోరు మూసుకున్న. పోతె పో, నీ తప్పు లేదు" అని నీళ్ళల్లోంచే చెప్పాడు. ఆమె మూట విప్పేసింది. ఎందుకు విప్పిందంటే ఆమెకీ తెలియదు. ఆ మాట తన నోటితో చెప్పినవాడు ఆ ఇంట్లో అతనొక్కడే. అది చాలనిపించింది.

"దారం నేనే మార్చిన" అన్నాడు అంతయ్య. నీళ్ళల్లో ఉండి మాట్లాడితే మాట బావి చుట్టూ తిరిగి పైకి వస్తుంది. "జర పొడుగ్గ చేసిన. నువ్వు పరేషాన్ అయితవని."

"ఎందుకు మార్చినవు?"

"బొంబాయిల మెడికల్ ఉంటదట. బట్టలిప్పి వరుసగ నిలవెడ్తరట. కూసో అంటరట, లే అంటరట. లేవనోన్ని వాపస్ పంపుతరట."

"అయితే?"

"కొట్టం ఎనుక బైఠకులు తీస్తున్న."

బైఠకులు! గొంతుక్కూర్చుని లేవడం. డాక్టరమ్మ కళ్ళు పెద్దవి చేసి, వేలు చూపించి మరీ వద్దన్న పని అదొక్కటే.

"డాక్టరమ్మ ఏం చెప్పింది నీకు? జన్మల బైఠకు తియ్యద్దన్నదా లేదా?"

"డాక్టరమ్మకేమన్న వీసా వచ్చిందా?"

కొమురవ్వకు నవ్వొచ్చింది. ఆ నవ్వుకే కోపం కూడా వచ్చింది. "లోపల చీమలు పాకినట్టయితే నాకు చెప్పాలె. చెప్తనని మాటిచ్చినవు. అయితుందా?"

"అయితలేదు."

"అబద్ధం."

అతను వెల్లకిలా తేలాడు. పైన గుండ్రంగా కనపడే ఆకాశం వంక చూశాడు. "అయితుంది" అన్నాడు చివరికి. "మొన్నటిసంది అయితుంది."

నెత్తురు కీలులోకి ఊరబోయే ముందు అతనికి లోపల చీమలు పాకుతున్నట్టు ఉంటుంది. తర్వాత వెచ్చగా అవుతుంది. ఆ తర్వాత నొప్పి. కొమురవ్వకు ఇవన్నీ తన ఒంట్లో జరిగినట్టే తెలుసు.

"ఈడ పానం మీదికొస్తే కరీంనగర్ ఉన్నది, ఆడికెళ్ళి హైదరాబాద్ ఉన్నది, నెత్తురెక్కిస్తరు. దుబాయిల ఎవలున్నరు నీకు? ఆడ కాలు వాస్తే దారం ఎవలు సుడుతరు?" అంది.

"నా ఈడోళ్ళు ఎవలున్నరే ఊర్లె? అందరు పోయిన్రు. హోటల్ల కూసుంటె నేను, ముసలోళ్ళు. 'నీ పెండ్లాం చెయ్యి మంచిదిరా, బీడీలు జల్ది జల్ది చేస్తది' అంటరు నన్ను. నా మంచికే అంటరు. ఇంటికొచ్చి బువ్వ తినబుద్ధి కాదు." నీళ్ళు అతని చెవుల్ని తాకుతున్నాయి. తనలో తను మాట్లాడుకుంటున్నట్టే ఉంది. "నాకు కండ్లు మూస్తే సముద్రం కనబడుతది కొమురీ. నేను చూడనే లే, అయిన కనబడుతది. పక్కపొంటి కుర్చేసుకుని కూసుంట. వాచ్‌మన్ పనేనట. కూసునుడే. ఒక్కపారి పోయొస్త. ఒక్కపారి మొగోని లెక్క పోయొస్త."

ఆ గొంతులోని ఆశకు కొమురవ్వ గుండె కరిగిపోయింది. ఆ సముద్రం ఆమెకూ కనపడింది, ఆ కుర్చీ, అందులో కాలు చాపుకుని కూర్చున్న అంతయ్య. ఎంత బాగుంది! కానీ ఆ కాలి పక్కన తను లేదు.

"నేను అన్నకు చెప్త" అంది.

"చెప్తే మీ బాపు నిన్ను ఈడ ఉంచుతడా? రోగిష్టోనికి కట్టవెట్టిన్రని పంచాయితి పెడ్తడు, నిన్ను తోలుకపోతడు." అంతయ్య మెట్టు దగ్గరికి వచ్చి ఆమె పాదం పట్టుకున్నాడు. తడిచెయ్యి వెచ్చగా ఉంది. "నేను పోయినా మళ్ళ వస్త. నువ్వు పోతె మళ్ళ రావు. చెప్పకు."

అందులో అబద్ధమేమీ లేదు. కొమురవ్వ తండ్రి అంతయ్యంత మెత్తటి మనిషి కాదు. కొమురవ్వ ఆ చెయ్యి వంక చూస్తూ, "చెప్ప" అని మాటిచ్చింది.

అప్పుడే ఇంటివైపు నుంచి జీపు హారన్ వినపడింది.

వాళ్ళు వాకిట్లోకి వచ్చేసరికి హనుమండ్లు నల్లద్దాలు పెట్టుకుని, గొంతెత్తి పోశవ్వతో మాట్లాడుతున్నాడు. పోశవ్వ పొయ్యి దగ్గర సర్వపిండి కాలుస్తోంది. ఒకటి దించీ దించకముందే ఇంకొకటి వేస్తోంది.

"బావా, జల్ది తయారుగా!" అన్నాడు హనుమండ్లు. "మెడికల్ తారీఖు ముందుకు జరిగిందట. ఏజెంటు మనిషిని పంపిండు. ఇయ్యాళ్నే నిజామాబాద్ల బండెక్కాలె. రెండు జతల బట్టలు చాలు."

"ఇయ్యాళ్నా?" అంది కొమురవ్వ.

"మరి? మంచి పని దొరికినప్పుడు ముహూర్తం చూస్తమా చెల్లె?"

"వాచ్‌మన్ పనేనా అన్నా?"

"వాచ్‌మనా? ఎవలన్నరు? షట్రింగ్ పని. పైపులెక్కాలె, పలకలు బిగియ్యాలె. మొదాల జర కష్టం, ఎన్క అలవాటయితది."

కొమురవ్వ అంతయ్య వంక చూసింది. అంతయ్య పొయ్యి వంక చూశాడు. అంటే అతనికి ముందే తెలుసు. దారం అబద్ధం, చీమలు లేవన్నది అబద్ధం, కుర్చీ అబద్ధం. సముద్రం ఒక్కటే నిజం. ఆమెకు ఏడుపు రాలేదు. ఒళ్ళంతా తేలికైపోయి, ఇంకా తెల్లవారుజాము కలలోనే నిలబడ్డట్టు అనిపించింది.

"ఏది బావా, ఓపారి కూసుండి లే. ఆడ డాక్టరు ముందట మన ఇజ్జత్ పోవద్దు" అన్నాడు హనుమండ్లు సరదాగా. బావ కుంటి నడక అతను చూడక కాదు. చిన్నప్పుడు చెట్టు మీది నుంచి పడ్డాడని పెళ్ళిలో చెప్పారు, నమ్మాడు.

అంతయ్య పంచె సవరించుకున్నాడు. నవ్వుతూనే కిందికి కూర్చున్నాడు. కుడికాలు ముడుచుకుంది. ఎడమకాలు వణికి, ఆగి, అదీ ముడుచుకుంది. ఇన్నేళ్ళల్లో అది అంతగా ముడుచుకోవడం కొమురవ్వ ఎన్నడూ చూడలేదు. పోశవ్వ చేతిలో అట్లకాడ అట్లాగే ఆగింది. "షాబాష్!" అన్నాడు హనుమండ్లు. "ఇగ లే."

అంతయ్య లేవలేదు.

నవ్వుతూనే ఉన్నాడు. నుదుటి మీద మాత్రం చెమట పట్టింది, అంత చలిలో. హనుమండ్లు వేళాకోళమనుకుని తనూ నవ్వాడు. కొమురవ్వ చేతులు జోడించబోయి ఆగిపోయింది. ఏమని మొక్కాలి? లేస్తే పోతాడు. పోతే దక్కడు. లేవకపోతే ఆ కాలు మళ్ళీ లేవదేమో. లేవాలనీ లేవద్దనీ రెండూ ఒక్కసారే కోరుకుంది. ఏ దేవుడికైనా ఆ మొక్కు ఎట్లా అర్థమవుతుంది?

"గింత సిగ్గేంది బావా" అంటూ హనుమండ్లు వంగి, అంతయ్య చెయ్యి తన చేతిలోకి తీసుకున్నాడు. పైపులు పట్టీ పట్టీ గట్టిపడిన చెయ్యి. లాగడానికి కాలు వెనక్కి వేసి నిలదొక్కుకున్నాడు.

"గుంజకు అన్నా!"

ఆ కేక వాకిలంతా మోగింది. ఇంతకుముందు మాటిచ్చిన నోరేనా ఇది అని కొమురవ్వకే ఆశ్చర్యమైంది. హనుమండ్లు చెయ్యి వదిలేశాడు. అంతయ్య పక్కకు ఒరిగి, రెండు చేతులతో మోకాలు పట్టుకుని, పళ్ళు బిగించాడు.

"ఎందుకే? ఏమైంది?"

"ఆయన నెత్తురు ఆగదు అన్నా. ఇప్పుడు లోపల కీలుల కారుతుంది. నువ్వు గుంజితె ఇంక కారుతది."

పోశవ్వ లేచింది. కొడుకు దగ్గరికి పోతుందనుకున్నాం మనమందరం. పోలేదు. గబగబా పోయి వీధి తలుపు దగ్గరికి వేసింది. ఎవరూ వినకూడదు, ఎవరూ చూడకూడదు. ఇన్నేళ్ళ అలవాటు, కాళ్ళు అటే తీసుకుపోయాయి. కొడుకు నేలమీద పడి ఉంటే తలుపు వేసిన తల్లిని హనుమండ్లు చూశాడు. మిగిలింది అతనికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

"ఎప్పటిసంది?" అన్నాడు. నల్లద్దాలు తీసేశాడు.

"పుట్టినప్పటిసంది."

"చెట్టు మీదికెళ్ళి పడ్డడన్నరు."

పొయ్యి మీది సర్వపిండి మాడుతున్న వాసన వస్తోంది. అంతయ్య తల ఎత్తాడు. "బావా, తప్పు మాదే, మేము చెప్పలే..."

"నాకు చెప్పిండు" అంది కొమురవ్వ.

ఆ మాట ఎక్కడినుంచి వచ్చిందో ఏమో. నీళ్ళల్లో తేలినంత సులువుగా తేలి వచ్చింది.

"ఏంది?"

"పెండ్లికి ముందే చెప్పిండు. తెలిసే చేసుకున్న. మీకు చెప్పద్దన్నది నేనే."

అంతయ్య ఆమె వంక చూశాడు. నొప్పి మరిచిపోయి చూశాడు. పోశవ్వ తలుపు గొళ్ళెం మీద చెయ్యి అట్లాగే పెట్టుకుని గోడకు ఆనుకుంది. హనుమండ్లు మాత్రం చెల్లెలి ముఖం మీది నుంచి చూపు తిప్పలేదు. చిన్నప్పుడు ఆమె బెల్లం దొంగిలిస్తే దొరకబట్టింది అతనే. ఆమె అబద్ధం అతనికి కొత్త కాదు. కానీ ఇంత పెద్ద అబద్ధాన్ని ఆమె ఇట్లా కళ్ళల్లో కళ్ళు పెట్టి చెప్పడం కొత్త.

"నిన్ను సూడనీకి ఇంటికొచ్చిననాడు వీళ్ళు నీతోని ఒక్కమాట గూడ మాట్లాడలే. నేను ఆడనే ఉన్న" అన్నాడు మెల్లగా.

"నీకు తెల్వకుంట మాట్లాడిండు."

"గట్లనా? సరే. గా మాట బాపు ముందట చెప్పు. బాపు నమ్మితె నాకేం లొల్లి లేదు, బావను నా భుజం మీద మోసుకపోయి దవాఖానల పడేస్త. నమ్మకుంటె నువ్వు మళ్ళ గీ గడప తొక్కవు. నడు, జీపెక్కు."

కొమురవ్వ చీర కొంగును కుండలో ముంచి, పిండకుండానే మోకాలి మీద వేసింది. చన్నీళ్ళు తగలగానే అంతయ్య ఒక్కసారి కళ్ళు మూసుకున్నాడు. తడిగుడ్డ కింద మోకాలు అప్పుడే గుండ్రంగా పొంగుతోంది. ఆమె అతని చంక కింద చెయ్యి వేసింది.

"ఈయనను గూడ ఎక్కియ్యి" అంది. "ముందుగాల దవాఖాన. ఎన్క బాపు."

హనుమండ్లు పోశవ్వ వేసిన తలుపును బార్లా తెరిచి, జీపెక్కి, తాళంచెవి తిప్పాడు.

"ముందుగాల బాపు" అన్నాడు.